దానికి బదులుంది సెల్లెమ్మా

మా రామూర్తి అన్నయ్య నోట "లేదు" అనే మాట రాదు. ఏది అడిగినా "అది లేకపోతేనేటి, దానికి బదులుంది" అంటాడు. ఆ బదులేదో దొరికేదాకా తను నిద్రపోడు, మనల్ని పోనివ్వడు. ఆయన మా ఆడపడుచు కాంతం వదిన భర్త. కాశీబుగ్గలో టీవీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఆయనది. అక్కడ బాగుపడి వచ్చిన టీవీకి మిక్సీ మీట ఉంటుంది, మిక్సీకి ఫ్యాను మీట ఉంటుంది, ఫ్యానుకి ఏ మీటా ఉండదు. ఆపడం ఎలాగని అడిగితే, "మెయిను ఆపీయండి. దానికి బదులు అదే" అంటాడు.

ఒకసారి వదిన పాయసంలోకి జీడిపప్పు తెమ్మంది. మా జంట ఊళ్లు పలాస, కాశీబుగ్గల్లో గాలి పీల్చినా జీడిపప్పు వాసనే. ఈయన వేరుశనగపప్పు తెచ్చాడు.

"ఏటయ్యా ఇది? ఊరంతా జీడిపప్పే కదా!"

"ఊరంతా ఉన్నది తెత్తే నా గొప్పేటుందే? దీన్ని రెండేసి బద్దలుగా సీల్చి నేతిలో ఏపు. కళ్లు మూసుకుని తిను. తేడా తెలిత్తే నన్నడుగు."

"అలాగైతే కళ్లు మూసుకుంటే మొగుడికి కూడా బదులు దొరుకుతాదేటి?"

అన్నయ్య కాసేపు ఆలోచించాడు కూడాను. వదిన గరిటె తీసుకుని వెంటబడింది.

నిమ్మాడలో చుట్టాల పెళ్లి కథ ఇంకా గొప్పది. బస్సు తప్పిపోయి, దానికి బదులు ఏదో వ్యాను ఎక్కి, టెక్కలిలో దిగాడు. అక్కడ ఎవరిదో పెళ్లి జరుగుతోంది. మా అందరి తరఫున పట్టుకెళ్లిన స్టీలు బిందె వాళ్లకే చదివించి, అక్షింతలు వేసి, శుభ్రంగా భోంచేసి వచ్చాడు. "ఆ పెళ్లికి బదులు ఈ పెళ్లి. ఈళ్లూ మంచోళ్లే. పులిహోర బాగుంది" అన్నాడు. నిమ్మాడ వాళ్లు ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడరు.

ఇక కంప్యూటరు సంగతి. మా ఆయన హరిబాబు ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని పెళ్లికార్డులు, కరపత్రాలు తయారుచేసేవారు. బొమ్మలు, హంగులు ఆయనవి. తెలుగు టైపు నాది. నేను చదివింది ఏడో తరగతి. ఏ మీట నొక్కితే ఏ అక్షరం వస్తుందో నా వేళ్లు పట్టుకుని ఆయనే నేర్పారు. కిడ్నీ జబ్బుతో ఆయన పోయాక కూడా ప్రెస్సు వాళ్లు పని మానిపించకుండా నాకే పంపేవారు. ఆ ఉపకారం మరవలేను. రోజులో ఆ కాసేపు నా చేతులకు ఆయన తోడున్నట్టుండేది.

2007 వానాకాలంలో కంప్యూటరుకి వైరసు పట్టింది. తెరిస్తే నల్లగా ఉంటుంది, లేకపోతే దానంతటదే ఆగిపోతుంది. విండోస్ మళ్లీ ఎక్కించే పాత సీడీలు చూస్తే బూజుపట్టి ఉన్నాయి. అన్నయ్యకు కబురు పెట్టాను. పండగకి వచ్చినట్టు వచ్చాడు.

"విండోస్ లేకపోతేనేటి సెల్లెమ్మా, దానికి బదులు లినక్సు ఉన్నాది!"

మధ్యాహ్నానికల్లా ఎక్కించేశాడు. ఉత్తరాలు రాసేదానికి బదులొకటి, బొమ్మలు దిద్దేదానికి బదులొకటి, పాటలకి బదులొకటి. కొత్త కాపురం పెట్టినట్టు ఒక్కొక్కటే చూపించాడు. ఇంతలో కాంతం వదిన వచ్చింది. ఆవిడ రోజూ మా ఇంటికి వచ్చేది కంప్యూటరులో పేకాడుకోవడానికి.

"నా పేకముక్కలేవీ?"

"దానికి బదులుందే. ఇదిగో, మంచు మీద జారతాది సూడు."

"ఈ కాకేటి?"

"కాకి కాదే, పెంగ్విను."

"నాకేటికది? నా రాణి ఏదీ, నా జాకీ ఏదీ?" అని వదిన అలిగి గుమ్మంలో కూర్చుంది.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కొత్త కార్డు మొదలుపెట్టాను. సముద్రం ఒడ్డు ఊరివాళ్లది. పెళ్లికూతురు పేరు భాగ్యశ్రీ. తెలుగు టైపుకి కూడా అన్నయ్య బదులు పెట్టాడు కానీ, అందులో అక్షరాలన్నీ వేరే చోట్ల ఉన్నాయి. నా వేళ్లు పాత చోటికే పోతున్నాయి. తెర మీద పడినది ఏ పెళ్లికూతురి పేరూ కాదు. చెరిపి మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే.

"కొత్తది నేర్చుకోడమే సెల్లెమ్మా. నెల్రోజుల్లో వచ్చేత్తాది" అన్నాడు అన్నయ్య.

"వద్దు అన్నయ్యా. ఇది వస్తే అది పోతుంది. కార్డు ప్రెస్సు వాళ్లకి తిప్పి పంపేస్తాను. ఇక చాలు."

ఆయన బదులుందనలేదు. కాంతం వదిన కూడా గుమ్మంలోంచి తలెత్తి చూసింది.

అన్నయ్య కీబోర్డు నా ముందుకి జరిపి, "కార్డు రెండ్రోజులు ఆపు. ఈ కీబోర్డులో ఏదో పాడయింది, పరీచ్చ సెయ్యాల. నాను అచ్చరం సెప్తాను, నువ్వు పాత అలవాటు సొప్పున నొక్కు. తెర సూడకు" అన్నాడు.

కీబోర్డుకి ఏమయిందో నాకు అర్థం కాలేదు. క అన్నాడు, నొక్కాను. ఖ అన్నాడు, నొక్కాను. ఒత్తులు, గుణింతాలు, సున్నాలు అన్నీ అడిగాడు. వదిన ఆవులించి, "బడి పెట్టావేటి?" అంది. ఆయన వినిపించుకోకుండా ఏ మీటకి ఏ అక్షరమో కాగితం మీద రాసుకున్నాడు.

మర్నాడు కొట్టు తెరవలేదు. ఫ్యాన్లు పట్టుకొచ్చినవాళ్లు మూసిన తలుపు చూసి తిరిగిపోయారట. ఆ మర్నాడు కళ్లు జీడిపళ్లలా ఎర్రగా చేసుకుని వచ్చాడు.

"బదులు తెచ్చాను. కొట్టు."

భాగ్యశ్రీ అని కొట్టాను. భాగ్యశ్రీ అనే పడింది. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని గబగబా కొట్టుకుపోయాను. నా వేలు ఎక్కడికి పోతే అక్షరం అక్కడే ఉంది.

"ఇది పాతదే కదా అన్నయ్యా!"

"పాతది కాదు. లోపలంతా బదులే సెల్లెమ్మా. మీటలు మాత్రం మన హరిగాడివి. ఆటికి బదులు ఎతకలేదు."

నేను తెర వైపే చూస్తూ ఇంకో వరస కొట్టాను. వదిన ముక్కు చీదుకుని, వెంటనే గొంతు పెంచింది.

"దాని మీటలు దానికొచ్చాయి. మరి నా పేకముక్కలో?"

"దానికీ బదులు తెచ్చాను" అని అన్నయ్య జేబులోంచి ఒక డబ్బా తీశాడు. లోపల అట్టముక్కలు. రాణి, జాకీ, అందరూ ఉన్నారు.

"ఓరి నాయనా! ఇది బదులేటయ్యా, అసలుదే కదా!"

"నీకు కంప్యూటరుదే అసలు కదే? అందుకే ఇది బదులు. పంచు."

నా వెనక చాప మీద ఇద్దరూ పేకాటకి కూర్చున్నారు. మొదటి ఆటలోనే అన్నయ్యకి రాణి తక్కువైంది.

"రాణి లేకపోతేనేటే, దానికి బదులు..."

"ముక్క కింద పెట్టు! దొంగాట!"

నేను ముహూర్తం దగ్గరికి వచ్చాను. వాళ్ల గోలలో రెండు తప్పులు పడ్డాయి. నవ్వుకుంటూ దిద్దుకున్నాను.