తేజాబు పెట్టిన అతుకు

ధూల్‌పేటలో రేకు పని చేసే మొగులయ్య, తను అతికిన డబ్బాలోంచి చుక్క నీరు కారితే మీసం తీసేస్తానని సవాలు చేసేవాడు. ఉత్త కోతలు కావు. ఏ డబ్బా తయారైనా గిరాకీ కళ్లెదుటే అంచుదాకా నీళ్లు పోసి, పొడి గోనెసంచి మీద పెట్టి, "కూసో భాయ్, చాయ్ తాగు. గోనె తడిస్తె పైసలియ్యకు" అనేవాడు. చాయ్ అయిపోయేది, గోనె మాత్రం తడిసేది కాదు. పని వచ్చినవాడికి ఆపాటి గర్వం ఉంటే తప్పు పట్టలేం. కాకపోతే ఆ గర్వాన్ని దుకాణంలోనే వదిలిపెట్టి రావాల్సింది. ఇంటికి తెచ్చుకున్నాడు. తెచ్చి భార్య చెవిలో పెట్టాడు.

అతుకు వేయడంలో ఆయనది తాతల నాటి పద్ధతి. సీసాలో తేజాబు ఉంటుంది, అంటే మనం ఆసిడ్ అనుకునేదే. అందులో జస్తా, అదే జింకు, ముక్కలు వేసి, పొంగు చల్లారాక, కోడి ఈకతో రేకు మీద రాస్తాడు. అది జిడ్డునీ తుప్పునీ తినేస్తుంది. అప్పుడు బొగ్గుల్లో కాలిన రాగి మొనతో టంకం కరిగించి పోస్తే రేకును రేకు కరుచుకుంటుంది. చివరికి డబ్బాను తొట్టిలో ముంచి శుభ్రంగా కడుగుతాడు. తేజాబు లేని అతుకు అతుకే కాదని ఆయన నమ్మకం.

ఆ చేతికి ఇంకో పిచ్చి కూడా ఉండేది, రేడియోలు. జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాను కుప్పల ముందు గొంతుక్కూర్చుని పగిలిన ట్రాన్సిస్టర్లు ఏరి తెచ్చేవాడు. వాటిని విప్పి, ఒకదాని పేగులు ఇంకోదానికి తగిలించి పాడించేవాడు. భార్య రాజమణి నెత్తి కొట్టుకునేది. "బువ్వ తినే పళ్లెంల గా తీగలేందయ్యా?" అని గల్లీ అదిరేలా లొల్లి పెట్టేది. లొల్లి పెట్టడంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. నీళ్ల నల్లా దగ్గర ఆమె గొంతు వినబడితేగాని మిగతా ఆడవాళ్లకు తెల్లారినట్టు ఉండేది కాదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు ఆమెకు టీబీ వచ్చింది. నెలల తరబడి సూదులు పొడిపించుకుంది. దగ్గు పోయింది, ఒంట్లోకి కండ వచ్చింది, కానీ చెవులు మందగించాయి. డాక్టరు మొహమాటపడకుండా చెప్పేశాడు. సూదుల వల్ల చెవి నరం దెబ్బతింది, ప్రాణం దక్కింది కాబట్టి సంతోషించాలి, ఉన్న వినికిడి కూడా పోనుపోను తగ్గొచ్చు. ఈ మాటలన్నీ మొగులయ్య ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాల్సి వచ్చింది. అరుస్తుంటే ఆయనకే ఏడుపొచ్చింది.

అన్నిటికంటే ఆమెను కుంగదీసింది వాళ్లమ్మతో మాట పోవడం. ఆగమ్మ యాకుత్‌పురాలో, రైలు స్టేషన్ వెనక, కొడుకు గుండయ్య ఇంట్లో ఉండేది. ముసలమ్మది సన్న గొంతు. తల్లీకూతుళ్లు కలిస్తే చింతపండు గింజలు తీస్తూ పొద్దుగూకేదాకా గుసగుసలాడుకునేవాళ్లు. అన్నేసి ముచ్చట్లు ఏముంటాయో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడేమో ఆగమ్మ పెదాలు కదిలించడం, రాజమణి "ఆఁ?" అనడం, ముసలామె కొంగుతో కళ్లొత్తుకోవడం. మొగులయ్య అది చూడలేకపోయాడు. "డబ్బా చేస్త. మీ అమ్మ మాట నీకు ఇనబడేటట్టు చేస్త, ఫికర్ చెయ్యకు" అని చేతులూపి మరీ మాటిచ్చాడు.

కోఠీ గుజరాతీ గల్లీలో రేడియో సామాన్లమ్మే వైకుంఠం ఆయనకు నక్షా గీసిచ్చాడు. పాత టెలిఫోన్‌లోంచి తీసిన మైకు, ట్రాన్సిస్టర్లు, పెన్సిల్ సెల్లు, చెవిలో పెట్టుకునే బిరడా, వాటిని కలిపే తీగలు కట్టిచ్చాడు. వాటితోపాటు సన్న మొన ఉన్న కరెంటు కడ్డీ, దారంలాంటి టంకం తీగ చుట్ట, అగ్గిపెట్టెలో పసుపుపచ్చని బిరోజా గడ్డ. సారంగి వాయించేవాళ్లు కమానుకు రాసుకుంటారే, ఆ బంక. "తీగ లోపట గూడ గదే ఉంటది. దీంతోనె చెయ్యన్నా" అన్నాడు వైకుంఠం. ఎందుకో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. టంకం పొగ పీలుస్తూ పుట్టి పెరిగినవాడు టంకం గురించి ఇంకొకణ్ని అడుగుతాడా?

ఇంటికొచ్చి ఆ తీగతో ఒక అతుకు వేసి చూశాడు. పొగ ముక్కుకెక్కింది. అతుకు చుట్టూ గోధుమరంగు బంక పేరుకుంది. మొగులయ్య మొహం చిట్లించాడు. మడ్డి కనబడే అతుకును వాళ్ల దుకాణంలో ఎవరూ గిరాకీ చేతికివ్వరు. "టంకంల సగం బంకనే. మంచిగ మోసం చేసిండు" అని వైకుంఠాన్ని తిట్టి, తీగనూ గడ్డనూ అటక మీదికి విసిరేశాడు. తేజాబు సీసా దించాడు. ఈకను సన్నగా చీల్చి ఒక్కో తీగ కొసకూ రాశాడు. టంకం తళుక్కున పారింది. ప్రతి అతుకూ వెండి పూసలా మెరిసింది. లాగి చూస్తే ఊడలేదు. తడిబట్టతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, సబ్బు డబ్బాలో బిగించాడు. నూనె డబ్బా అయితే తొట్టిలో ముంచి కడిగేవాడే, దీన్ని ముంచడం కుదరలేదు.

ఆ డబ్బా మెడలో వేసుకుని రాజమణి యాకుత్‌పురా వెళ్లింది. ఆగమ్మ అలవాటుకొద్దీ నోరంతా తెరిచి "రాజమణీ!" అని కేకేసింది. కూతురు ఉలిక్కిపడి, "గట్ల ఒర్రుతున్నవేందమ్మా? నేనేమన్న చెవిటిదాన్నా?" అంది. ఆ పూట ఆ ఇంట్లో నవ్వనివాళ్లు లేరు, ఏడవనివాళ్లు లేరు. మొగులయ్యకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ తర్వాత దుకాణానికి ఎవరొచ్చినా భార్యను పిలిచి, మెల్లగా ఏదో అడిగి, ఆమె జవాబు చెప్పగానే "చూసినవా భాయ్!" అని తొడ చరుచుకునేవాడు.

ఎండాకాలం అలా గడిచింది. వానలు పట్టాక రాజమణిలో ఏదో మార్పు వచ్చింది. నల్లా దగ్గరికి అందరూ వెళ్లిపోయాక వెళ్లేది. లొల్లి తగ్గింది. ఏది చెప్పినా తలూపేది, ఆయన నవ్వితే నవ్వేది. మనిషి నెమ్మదించిందని మొగులయ్య మురిసిపోయాడు కూడా. పాపం, ఆయనకు తెలిసే దారి లేదు. రేకు పనివాళ్లు సుత్తుల మోతలో బతుకుతారు, ఇంట్లో కూడా గట్టిగా, చేతులు తిప్పుతూ మాట్లాడతారు. అలాంటి మొగుడి మాట పట్టుకోవడానికి రాజమణికి చెవులతో పని లేదు. పైగా సెల్లు అయిపోయాయని అడిగి మరీ తెప్పించుకునేది.

దసరా దాటాక ఆగమ్మ మంచం పట్టింది. కబురు రాగానే భార్యాభర్తలు వెళ్లారు. మధ్యాహ్నం వేళ ముసలామె అందరినీ బయటికి పొమ్మని చేయి ఊపి, కూతుర్ని దగ్గరికి లాక్కుంది. మొగులయ్య వాకిట్లోంచి చూశాడు. ఆగమ్మ చాలాసేపు మాట్లాడింది, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ మాట్లాడింది. రాజమణి ఆమె చేయి పట్టుకుని తలూపుతూనే ఉంది. పొద్దు వాలకముందే ఆగమ్మ పోయింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక గుండయ్య చెల్లెలి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మ ఆఖరికి ఏం చెప్పింది నీకు?"

రాజమణి తల దించుకుంది. ఆయన మళ్లీ అడిగాడు, ఆమె భుజం పట్టి కుదిపి అడిగాడు. "నేను కొడుకునే గదనే? నాకు చెప్పరాని మాటనా?" గదిలో చుట్టాలందరూ ఇటే చూస్తున్నారు. ఆమె ఏదో దాస్తోందని వాళ్ల మొహాల్లోనే కనబడుతోంది. అప్పుడు రాజమణి భోరుమంది.

"నాకు ఇనబడలేదన్నా. ఒక్క ముక్క ఇనబడలే."

"డబ్బా ఉండంగ ఇనబడకపోవుడేంది?" అన్నాడు మొగులయ్య. ఆయనకు ముందు కోపమే వచ్చింది, నలుగురిలో తన పనిని అవమానించినట్టు.

ఆమె ఆయన పెదాల వైపు చూస్తూ చెప్పింది. "డబ్బా మంచిగనే ఉందయ్యా. నా చెవే పోయింది. వానలప్పుడే పోయింది. డాక్టర్ చెప్పిండు గద, పోతదని. నువ్వు గంత ఖుషీగ ఉంటివి, ఎట్ల చెప్పాలె నీకు?"

ఇంటికొచ్చాక మొగులయ్య డబ్బా తీసుకుని, కొత్త సెల్లు వేసి, బిరడా తన చెవిలో పెట్టుకున్నాడు. మైకు మీద వేలితో కొట్టాడు. చప్పుడు లేదు. గట్టిగా కొట్టాడు. ఏమీ లేదు. ఒక్క క్షణం తనకూ చెవులు పోయాయేమోనని భయపడ్డాడు, గల్లీలో సైకిల్ గంట వినబడేదాకా. మూత విప్పాడు. వెండి పూసల్లాంటి అతుకుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. తోమని ఇత్తడి చెంబు మీద ఉండేదే. వేలితో తాకాడు, తీగ పుటుక్కున ఊడి చేతిలోకి వచ్చింది. ఇంకొకటి తాకాడు, అదీ వచ్చింది. పోయింది ఆమె చెవి కాదు.

మర్నాడు వైకుంఠం ఆ డబ్బాను వెలుతురుకు ఎత్తి చూసి, "తేజాబ్ పెట్టినవా అన్నా?" అన్నాడు.

"పెట్టిన. తుడిచిన గద. ఎండల బెట్టిన."

"రేకు డబ్బా అయితె ముంచి కడుగుతవు. గీ తీగ పోగులను ఎట్ల కడుగుతవు? సందుల్లకు దూరి కూసుంటది. వానకాలం తేమ పీల్చుకుంట తీగను తింటనే ఉంటది. బిరోజా గట్ల కాదు, చల్లారిందంటె రాయి. అందుకే దాంతోనె చెయ్యమన్న."

మొగులయ్య జరిగినదంతా చెప్పాడు. వైకుంఠం కొత్త మైకు, కొత్త తీగలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. "వదినెకు ఏం చెప్పకు. కొత్త డబ్బా, దీనికి తాకత్ ఎక్కువ అని చెప్పు. ముసలమ్మ మాటయితె ఎట్లాగూ తిరిగిరాదు. తెలిసి ఆమె ఏం చేస్తది, ఏడుసుడు తప్ప?" దారి పొడుగునా ఆ మాటే మొగులయ్యకు మంచిగా తోచింది. అలాగే చెప్పాలని నిశ్చయించుకున్నాడు.

అటక మీది తీగనూ గడ్డనూ వెతికి దించాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు, తేజాబు వాసన పోలేదనిపించి ఇంకోసారి కడుక్కున్నాడు. తీగ కొసలను గరుకు కాగితంతో రుద్ది మెరిపించాడు. ట్రాన్సిస్టర్ కాలును చిన్న పట్టకారుతో పట్టుకున్నాడు, లేకపోతే వేడి పైకెక్కి అది చచ్చిపోతుంది. ముందు అతుకు వేడెక్కాలి, ఆ వేడికే టంకం కరగాలి. మొన మీద కరిగించి పూస్తే పట్టదు. ఇవన్నీ ఆయనకు వచ్చు. అతుకు చుట్టూ గోధుమరంగు బంక పేరుకుంటుంటే దాన్ని అలాగే వదిలేశాడు.

రాజమణి వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఆయన డబ్బా ఆమె మెడలో వేస్తే వద్దని చేయి అడ్డం పెట్టింది. బతిమాలి బిరడా చెవిలో పెట్టి, స్విచ్చి వేశాడు. చేటలో బియ్యం కదిలిన చప్పుడుకు ఆమె ఒళ్లు జలదరించింది. మళ్లీ చేట కదిలించింది. పక్కింటి సుత్తి మోత వైపు తల తిప్పింది. ఆయన కొత్త డబ్బా సంగతి చెప్పబోయేలోపే ఆమె రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"మైసమ్మ తల్లీ, నా చెవు నాకిచ్చినవా! చచ్చిన చెవు మళ్ల లేపినవా!" ఆయన చేయి గట్టిగా పట్టుకుంది. "వచ్చే ఆదివారం బోనమెత్తుతనయ్యా. నడిచిపోయి ఎత్తుత."

మొగులయ్య నోట్లో సిద్ధంగా పెట్టుకున్న అబద్ధం బయటికి రాలేదు. తను చేసిన పాపానికి ఆమె అమ్మవారికి మొక్కు చెల్లిస్తానంటోంది.

"నీ చెవు చావలేదే" అన్నాడు. గట్టిగా అరవలేదు, అరవాల్సిన అవసరం లేదు. "ఎప్పటిలెక్కనే ఉండె. డబ్బా సచ్చింది. రేకుకు పెట్టినట్టు తేజాబ్ పెట్టిన, తీగలన్ని తినేసింది. తప్పు నాది. మంచిగ చేసుంటె మీ అమ్మ మాట నువ్వు ఇందువు."

రాజమణి ఆయన చేయి వదిలేసింది. చేట వైపు చూసింది, ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"గీ మాట గూడ ఇనబడకుంటె మంచిగుండు" అంది. బిరడా మాత్రం చెవిలోంచి తీయలేదు.