మూడు రీడింగులు

ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో చేరిన రెండో నెలలోనే, చదువు మానేసి ఊరికి పోదామని టీసీ అర్జీ నింపాను. అందులో ‘కారణం’ అని ఒక్క గీతే ఉంది. నా కారణాలు ఒక గీతలో పట్టేవి కావు. అందుకని ఫిజిక్సు రికార్డులోంచి ఒక కాగితం చించి, పద్ధతి ప్రకారం రాసి అర్జీకి గుచ్చాను. పరికరాలు: నేను. పరిశీలనలు: ఒకటి, నిద్ర మూడు గంటలు. రెండు, మెస్సులో సంగటి ముద్ద సగమే దిగుతోంది. మూడు, క్లాసులో ఇంగ్లిషు మొదలవగానే అరచేతులకు చెమట. నాలుగు, ఎవరు నవ్వినా నన్ను చూసే అనిపిస్తోంది. ఫలితం: ఈ చదువు నాకు సరిపడదు.

మా కాలేజీలో కొత్త పిల్లలను ఇరవైమంది చొప్పున ఒక్కో లెక్చరరుకు అప్పగించేవారు. నన్ను చూసుకోవలసినాయన ఫిజిక్సు సారే. ఆయన సంతకం లేనిదే టీసీ కదలదు. సారు నా కాగితం రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు.

“ఎన్ని రీడింగులప్పా ఇవి?”

“ఒకటే సార్. నాది.”

“ఒక్క రీడింగుకే ఫలితం రాసేసినావా? ల్యాబులో ఎన్ని తీసుకోమని చెప్పినా?”

“మూడు సార్.”

“మిగతా రెండూ ఇంకో ఇద్దర్ని అడిగి తీసుకోని రా, సంతకం పెడతా. మీ ఊరి బస్సు రేపు గూడా ఉంటాది.”

సాయంత్రం హాస్టలుకు నీళ్ల ట్యాంకరు వచ్చింది. బకెట్ల వరుస వదిలి ఎవరూ కదలరు కాబట్టి ప్రశ్నలు అడగడానికి అంతకన్నా మంచి చోటు లేదు. నా ముందు నా గదివాడే ఉన్నాడు. హిందూపురంలో వాళ్లకు బట్టలంగడి ఉంది. ఇంగ్లిషులో జోకులేసేవాడు. ఏ బాధా లేనివాడు ఒకడుంటే పోల్చుకోవడానికి పనికొస్తాడని వాడితోనే మొదలుపెట్టాను.

“నిద్ర ఎన్ని గంటలు?”

“ఏమప్పా, జనాభా లెక్కలా?” అని నవ్వి, బకెట్టు కింద పెట్టాడు. “రెండు. దినామూ బాత్రూములో ఏడుస్తాండా కదా, నీకు ఇనపల్యా?”

“పైపులో నీళ్ల చప్పుడనుకున్నా.”

“ఆ పైపులో నీళ్లొచ్చి నెలైందప్పా.”

మా వెనక మడకశిర వైపు గొర్రెలు కాసే ఇంటి అబ్బాయి నిలబడ్డాడు. అడక్కముందే చెప్పాడు. “నన్ను గూడా రాసుకోప్పా. ముద్దలో పావే తింటాండా. టీసీ ఫారం పెట్టె అడుగున ఉండాది. నాయన ఏమంటాడో అని ఆగినా.”

వాడి వెనక ఇంకో ఇద్దరు మెడలు చాచారు. సారు తిరిగిచ్చిన కాగితం మీద మూడు రీడింగులకని గీసుకున్న గళ్లు చాలలేదు. కొత్త గళ్లు గీసుకుంటూ వరుస తప్పాను. ట్యాంకరు వెళ్లేసరికి నా దగ్గర ఐదు రీడింగులు, ఒక ఖాళీ బకెట్టు ఉన్నాయి.

మర్నాడు సారు పట్టిక చూశారు. “ఫలితం రాయలేదే?”

“రాసింది కొట్టేసినా సార్.”

ఆయన వేలు ‘రెండు గంటల నిద్ర, రోజూ ఏడుపు’ అన్న గడి దగ్గర చాలాసేపు ఆగింది. “ఈ అబ్బాయిని పిల్చుకోని రా. పెద్దాసుపత్రిలో ఇట్లాంటివి వినే డాక్టరు ఉండాడు. నేనూ వస్తా. జరమొస్తే పోమా? మిగతా వాళ్లు క్లాసులైనాక ల్యాబుకు రాండి. పాఠం తెలుగులో చెప్తా.”

సంతకం రికార్డు కాగితం మీద పెట్టారు. అర్జీని సొరుగులో పెట్టుకున్నారు. “ఇది ఈడనే ఉంటాది. కావల్నంటే అడుగు.”

నా గదివాడు మూడోసారి డాక్టరును చూసి వచ్చిన రోజు సాయంత్రం మళ్లీ వరుసలో నా ముందే నిలబడ్డాడు.

“ఏమప్పా, ఈ పొద్దు రీడింగెంత?” అన్నాడు.

“ముద్దలో ముప్పావు. నీది?”

“నాలుగు గంటలు. నిద్రప్పా, ఏడుపు కాదు. రాసుకో.”