నాయనమ్మ ముట్టని రొట్టె

మొన్న నెల మొదటి ఆదివారం విజయవాడలో మా అమ్మాయివాళ్లు వెళ్లే చర్చికి వెళ్లాను. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, గోడంత తెర మీద పాటల అక్షరాలు. రొట్టె, రసం పంచే ప్రభువు బల్ల సమయానికి ఒకావిడ ట్రే పట్టుకొచ్చి తలా ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు చేతిలో పెట్టి వెళ్లింది. పైన రేకు చింపితే రొట్టెముక్క, దాని కింద ఇంకో రేకు చింపితే గుక్కెడు రసం. నా వయసువాళ్ల గోళ్లకు ఆ రేకు చిక్కితే కదా! నేను దానితో కుస్తీ పడుతుంటే మా అమ్మాయి నవ్వి, చింపి ఇచ్చింది. ఇచ్చాక కూడా చాలాసేపు నోట పెట్టుకోలేకపోయాను, ఎందుకంటే మా నాయనమ్మ గుర్తుకొచ్చింది.

మాది చిల్లకల్లు దగ్గర పల్లె. జిల్లాల పేర్లు మార్చినా నా నోటికి ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది. నాయనమ్మ నందిగామ అవతలి ఊరినుంచి కోడలుగా వచ్చి, తాతయ్య తొందరగా పోతే, మిరపకోతలకూ పత్తితీతలకూ వెళ్లి ఇద్దరు మగపిల్లల్ని పెంచింది. పెద్దవాడైన మా నాన్న చదువుకుని నందిగామలో మాస్టరయ్యాడు. చదువు అబ్బని బాబాయి తల్లి దగ్గరే ఉండి వ్యవసాయం చేశాడు. మేము నందిగామలో ఉన్నా ఆదివారం వచ్చిందంటే మొదటి బస్సెక్కి ఊరికి రావలసిందే, ఎందుకంటే నాయనమ్మ పక్కన ఆమె కొడుకులిద్దరూ కూర్చోకపోతే ఆమెకు ఆరాధన ఆరాధనలా ఉండేది కాదు.

మీలో ఆ కాలంవాళ్లకు చెప్పనక్కర్లేదు, అప్పుడు చర్చి అంటే రెల్లుకప్పు పాక, గంట అంటే వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. నాయనమ్మకు చదువు రాదు గాని కీర్తనలన్నీ నోటికే. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి కుండలో వేయకుండా ఏనాడూ అన్నం వండలేదు. వీటన్నిటికన్నా ఆమె ప్రాణంగా చూసుకున్న పని ఇంకొకటుంది. బల్ల జరిగే ఆదివారానికి రొట్టె, రసం సిద్ధం చేసేది ఆవిడే. శనివారం పొద్దున ఎండుద్రాక్ష నానబోసి, సాయంత్రం చేత్తో పిసికి, తెల్లగుడ్డలో వడకట్టి, సన్నటి సెగ మీద కాచేది. ఉప్పు లేని గోధుమరొట్టె పెనం మీద కాల్చేది. ఆ వాసనకు మేము వంటింటి గుమ్మంలోనే తచ్చాడుతుంటే, దేవుడికంటే ముందు మీకు కావాలా అని గరిటె చూపించేది. మరునాడు సంఘమంతా ఒకే వెండిగిన్నెలోంచి తాగేవాళ్లం. పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరు తాగాక అంచు తుడిచి పక్కవాళ్లకు అందించేవారు.

ఇంతటి మనిషి ఇంటికి గొడవ వచ్చింది కూడా దేవుడికిచ్చిన కానుక వల్లే. కోతపండుగకు ప్రతి ఇంటివాళ్లూ తొలిపంటలో కొంత, పెరట్లో కాసిన గుమ్మడికాయో, కోడో చర్చికి తెచ్చి ఇవ్వడం, ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేయడం మాకు ఆనవాయితీ. ఆ ఏడు నాయనమ్మ తాను పెంచిన ఎర్రపుంజును ఇచ్చింది. అమ్మ ఇచ్చిన కానుక పరాయివాళ్ల చేతికి పోకూడదని నాన్నా పాడాడు, అదే ఉద్దేశంతో బాబాయీ పాడాడు. మొదట అందరూ నవ్వారు. పాట పెరిగేకొద్దీ నవ్వులు తగ్గాయి. ఆ ఏడు బాబాయి మిరపతోటకు తెగులు తగిలి ఏమీ మిగల్లేదని నాన్నకు తెలుసు. తమ్ముణ్ణి ఆపుదామనే ఆయన అన్నాడు, దానికి నేను ఇప్పటికీ ప్రమాణం చేస్తాను, కానీ నలుగురిలో అనకూడని మాట అనేశాడు.

"పంట చేతికొచ్చాక పాడుదువు గాని, ఇక ఆగరా."

సేద్యం చేసుకునేవాణ్ణి నెలజీతం తీసుకునేవాడు సంఘం మధ్యలో అనే మాటేనా అది? బాబాయి లేచి, పిన్నినీ పిల్లల్నీ తీసుకుని వెళ్లిపోయాడు. మరుసటి వారం నుంచి ఊరి అవతలి కొసన కొత్తగా వెలిసిన రేకుల షెడ్డు ప్రార్థనకు పోవడం మొదలుపెట్టాడు. పుంజు నాన్నకే దక్కింది, కానీ ఇంట్లో ఎవరూ దాన్ని కోయలేకపోయారు.

ఆ తరువాత బల్ల ఆదివారం నాయనమ్మ ఎప్పటిలాగే రొట్టె చేసింది, రసం కాచింది, తెల్లచీర కట్టుకుని ముందు చాప మీద కూర్చుంది. రొట్టె తన దాకా వచ్చేసరికి మాత్రం తల అడ్డంగా ఊపి, పళ్లేన్ని పక్కావిడకు జరిపింది. అయ్యగారు విస్తుపోయి, ఆరాధన అయ్యాక మెల్లగా అడిగితే, ఆమె చెప్పిన జవాబు పక్కన నిలబడి విన్నాను.

"కానుక అక్కడ పెట్టి, ముందు తోడబుట్టినోడితో సమాధానపడి రమ్మన్నాడు గదా దేవుడు. నా కానుకే వాళ్లని విడదీసింది. ఇద్దరూ ఒక్క బల్లకాడ కూర్చునేదాకా నేను ముట్టనయ్యగారూ."

ముట్టలేదు. ఏళ్లు గడిచాయి. పాక పోయి స్లాబు వేశారు, నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మొగుడు పెళ్లాల తగవులు తీర్చే వయసు నాకే వచ్చింది. ఆమె మాత్రం అందరికీ రొట్టె చేసి, తను ఖాళీ చేతులతో ఇంటికి వచ్చేది. ఆవిడేదో పాపం దాచుకుందని గుసగుసలాడిన నోళ్లున్నాయి. నాన్న ఆ రోజుల్లో తల దించుకుని కూర్చునేవాడు. వెళ్లి తమ్ముణ్ణి పిలవొచ్చు కదా అంటే, పెద్దవాణ్ణి, నేనెలా వెళ్తాను అనేవాడు. బాబాయినడిగితే, అన్నవాడు ఆయనే, రావలసిందీ ఆయనే అనేవాడు. ఇద్దరిదీ ఒకే మొండితనం, అది ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పాలా!

అలా ఉండగానే నాన్న గుండెపోటుతో పోయాడు. బాబాయి పరుగెత్తుకొచ్చి, పాడె మోసి, గుంట దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆ తరువాతి బల్ల ఆదివారం పాత చర్చికి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. రొట్టె వచ్చింది. నాయనమ్మ పళ్లెం అందుకుని బాబాయి ముందు పెట్టి, తన చేయి వెనక్కి తీసుకుంది.

"ఒక్కడే వచ్చాడుగా అయ్యగారూ," అంది.

బాబాయి ముఖం చూడలేక నేను కళ్లు మూసుకున్నాను, ప్రార్థన వంకతో.

తొంభై దగ్గర పడ్డాక ఆమెకు మతి నిలవడం మానేసింది. ఆఖరు రోజుల్లో అయ్యగారు రొట్టె, రసం ఇంటికే తెచ్చారు. రసం పిన్ని కాచింది, అత్తగారి పద్ధతిలోనే. మంచానికి ఒక పక్క బాబాయి, ఇంకో పక్క మా తమ్ముడు కూర్చున్నారు. తమ్ముడిది అచ్చం నాన్న ముఖం, నాన్న గొంతు. నాయనమ్మ కళ్లు తెరిచి వాణ్ణి తేరిపార చూసింది.

"పెద్దోడా, వచ్చావా? చిన్నోడేడి?"

తమ్ముడు బిక్కచచ్చి నా వైపు చూశాడు. బాబాయి వంగి, తమ్ముడి చేయి లాక్కుని, తన చేతితో కలిపి ఆమె గుండె మీద పెట్టాడు.

"అన్నయ్యా నేనూ ఇక్కడే ఉన్నామమ్మా."

అన్నయ్య అన్న మాట ఆయన నోట నేను విని ఎన్నేళ్లయిందో! నాయనమ్మ రెండు చేతులూ తడిమి చూసుకుంది. తరువాత అయ్యగారి వైపు తిరిగి, చంటిపిల్లలా నోరు తెరిచింది. రసంలో తడిపిన ముక్కను ఆయన నాలుక మీద పెడితే చాలాసేపు చప్పరించింది. ఆమె పొరపాటు పడిందని ఎవరూ చెప్పలేదు. తెల్లవారేసరికి కన్నుమూసింది.

బాబాయి పెరట్లో మోడులా నిలబడిపోయి నాతో ఒక్క మాటే అన్నాడు. "అన్నయ్యా అన్న మాట ఆయన బతికుండగా అని ఉంటే, ఆయనా పోయే ముందు అమ్మతో కలిసి తినేవాడు గదమ్మాయ్." ఇప్పుడు ఆయనా లేడు.

మొన్న ఆ హాల్లో నా పక్కన కూర్చున్నావిడ ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆవిడకు తెలియదు. గిన్నె పక్కవాళ్లకు అందించే పని లేదు, కాబట్టి పక్కవాళ్లతో మాటలున్నాయా లేవా అని ఎవరూ చూసుకోనక్కర్లేదు. ఎవరి కప్పు వారిదే. ఎవరికోసం ఎవరూ ఆకలితో ఆగే రోజులు కావివి, అలా ఆగినా ఎందుకని అడిగేవాళ్లు ఉండరు. ఏమైంది మమ్మీ, తాగు అంది మా అమ్మాయి. తాగాను. ఎండుద్రాక్ష వాసన మాత్రం రాలేదు.