లైను పాట

నిన్న మనవడు టెలిఫోను పెట్టేసి, "లైను దొరకలేదవ్వా" అన్నాడు.

నా చిన్నప్పుడు బడిలో పలక మీద గీసేది లైను, కడపలో పోలీసులు కాపురముండే ఇండ్లు లైను. ఎర్రగుంట్ల పక్కన, రైలు పట్టాల వారగా ఉన్న మా ఇంట్లో మాత్రం లైనంటే నాయన పనికి పోయే చోటు. గడ్డపారలతో పట్టాలు జరిపేటప్పుడు నాయన పాట ఎత్తుకునేవాడు, గ్యాంగులో తక్కినవాళ్లు అందుకునేవాళ్లు.

ఒక ఎండాకాలం వడదెబ్బ తగిలి నాయన లైను మీదనే పోయాడు. ఆ తర్వాత గ్యాంగు మా ఇంటి ముందు పాట లేకుండా పని చేసింది. మా మీద కోపమనుకున్నాను.

"ఏం మామా, పాట పాడకుండా చేస్తాండారే?" అని నాయన జతగాడు దస్తగిరి మామను అడిగాను.

"గొంతు బాలేదు పాపా."

"అందరికీనా?"

"అందరికీ."

అమ్మనడిగి శొంఠి, బెల్లం తీసుకుపోయి ఇచ్చాను. ఆయన తలా కొంచెం పంచి, తానూ నోట్లో వేసుకొని, ముఖం అటు తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం వాళ్లు మలుపు దాటినాక పాట వినబడింది.

"గొంతు బాగయినట్టుండాదమ్మా" అని సంబరపడ్డాను. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

ఇంకొకరు ఎత్తుకున్న పాట మాకు వినబడకూడదనే వాళ్లు అంతదూరం పోయారని పెద్దయినాక తెలిసింది. ఆ రోజు గాలి మా ఇంటి వైపుకు ఉంది.