మాలిమి తప్పిన ఒళ్ళు

మా డ్రిల్లు సారు పోయినారు. నడి ఎండాకాలంలో, తెల్లవారుజామున, నిద్రలోనే. ఫోను వచ్చినప్పుడు నేను ఏసీ గదిలో నిండా దుప్పటి కప్పుకొని పడుకున్నాను. సిగ్గు అక్కడే మొదలైంది.

కడపలో మా బడికి ఆటల మాస్టరు ఆయన. రిటైరైనాక నాకు సైకిలు నేర్పినారు. తొక్కడం కాదు, ఎండలో తొక్కడం. కర్నూలు దాకా పోయి, ఆగకుండా మళ్ళీ తిరిగి రావాలని నాకు పిచ్చి పట్టిన ఏడాది అది. మొదటి దినమే మిట్టమధ్యాహ్నం బయల్దేరబోతే హ్యాండిలు పట్టుకొని ఆపినారు.

"ఏమప్పా, యాడికి? కోడెను కొన్న దినమే మడక కడతావా? ఒళ్ళును ఎండకు మాలిమి చేసుకోవాల."

ఆయన నోట్లో ఎప్పుడూ ఆ మాటే, మాలిమి. మొదట్లో అరగంట, తర్వాత ఇంకొంచెం, అట్లా రెండు మూడు వారాలు పెంచుకుంటూ పోయినారు. తడి తువ్వాలు మెడకు చుట్టుకొని తనే ముందు తొక్కేవారు. దప్పిక కాకముందే ఉప్పేసిన మజ్జిగ తాగించేవారు. ఒంటిమిట్ట దారిలో ఆగి నా నుదురు తడిమి, "చెమట తొందరగా పడతాండాది, ఒళ్ళు మాట వింటాండాది" అని మురిసిపోయేవారు. ఇంకో మాట కూడా చెప్పినారు. "తల తిరిగితే దిగిపో. సిగ్గుపడినోడినే ఎండ పట్టుకుంటాది."

కర్నూలు పోయి తిరిగొచ్చిన దినం నా భుజం మీద ఒక్కటి చరిచినారు. "శానా గట్టోడివిరా. రేపు నన్ను మోసే నలుగురిలో నువ్వుండాల. మావోళ్ళంతా నీడపట్టున పెరిగినోళ్ళు." ఇద్దరమూ నవ్వినాము. సరే సార్ అన్నాను.

తర్వాత ఉద్యోగం పెరిగింది, పొట్టా పెరిగింది. మాలిమి అయిన ఒళ్ళు కూడా వదిలేస్తే నెల తిరక్కుండా మొదటికొస్తుందని ఆయన ముందే చెప్పినారు. బజార్లో కనపడి "తొక్కుతాండావా?" అంటే, "తొక్కుతాండా సార్" అనేవాణ్ణి. నమ్మేవారు.

ఆ దినం పాడె ఎత్తేసరికి మధ్యాహ్నమైంది. ముందు కుడి భుజం నాదని అడిగి మరీ తీసుకున్నాను. కాళ్ళకు చెప్పుల్లేవు, తారు కాలుతోంది. వీధి దాటకముందే కళ్ళకు నల్లచుక్కలు కనపడినాయి. భుజం మార్చుకోండప్పా అంటే చాలు, పక్కనే పది మంది ఉన్నారు. అనలేకపోయినాను. సారు శిష్యుణ్ణి కదా, ఎండలో కర్నూలు పోయొచ్చినవాణ్ణి కదా! మోకాళ్ళు మడతపడినాయి. పాడె నావైపు ఒరిగింది. వెనకవాళ్ళు కేకలేసి, ఎట్లో పట్టుకొని, నడిరోడ్డు మీదనే దించేసినారు.

దింపుడు కల్లం ఇంకా ముందర, ఊరి శ్మశానం బొందలగడ్డ మలుపులో ఉంది. మామూలుగా పాడె దించి, ప్రాణం ఏమైనా మిగిలి ఉందేమోనని చెవిలో పిలిచేది అక్కడే. కానీ పాడె దిగడం చూసి, వెనకనుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఇదే ఆ చోటనుకున్నారు. "పిలువప్పా, చెవిలో పిలువు" అన్నారు. సారు కొడుకు వంగి, "నాయనా... నాయనా... నాయనా..." అని పిలిచినాడు.

నేను ఆ తల పక్కనే కూలబడి ఉన్నాను. ఒకవేళ నిజంగానే లేస్తే? లేచి, "ఏమప్పా, తొక్కుతాండావా?" అంటే నా మొహం యాడ పెట్టుకోవాల? లేవకూడదు అనుకున్నాను. కొడుకు రమ్మని పిలుస్తాంటే, నేను రావద్దని కోరుకున్నాను.

నన్ను నీడకు లాగి నీళ్ళు తాగించినారు. నా చోట ఇంకెవరో భుజం పెట్టినారు. బొందలగడ్డకు నేను ఆటోలో పోయినాను.

ఇప్పుడు మళ్ళీ అరగంటతో మొదలుపెట్టినాను. పొద్దున ఎండ ముదరగానే బయల్దేరి, బొందలగడ్డ దాకా తొక్కుతాను. సారును పూడ్చిన మట్టికుప్ప దగ్గర సైకిలు దిగి, ఆయన చూసినట్టే నుదురు తడిమి చూసుకుంటాను.

ఇంకా పొడిగానే ఉండాది, సార్.