రెండో ఫొటో

వికారాబాద్ నుంచి రోజూ రైల్లో హైదరాబాద్ వెళ్లి ఎలుకలకు సూదులు వేయడం నా ఉద్యోగం. కంటికి కనిపించనంత చిన్న కొవ్వు బుడగల్లో మందు నింపి రక్తంలోకి పంపుతాం. అది రక్తనాళాల లోపలి పొర కణాల్లోకి చేరితే, అక్కడ వాపు పుట్టించే జన్యువు పని ఆగిపోతుంది. చేరితేనే. బుడగల్లో చాలావరకు తిన్నగా కాలేయంలోకి పోయి కూర్చుంటాయి. మా ల్యాబ్ అంతా ఏళ్లుగా తలపట్టుకున్నది దానికే.

తాండూరులో మా అన్నకు బండల పాలిష్ యూనిట్ ఉంది. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది. కాలి రక్తనాళం పూడుకుపోయింది, బైపాస్ చేయించుకొమ్మని డాక్టరు చెప్పాడు. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి దిగులుగా కూర్చున్నాడు. ధైర్యం చెబుదామని ఫోన్లో ఒక ఫొటో చూపించాను. ఎలుక రక్తనాళం గోడ వెంట మా మందు ఆకుపచ్చగా మెరుస్తోంది.

"గిది నువ్వే చేసినవా చెల్లె?"

"నేనే అన్నా."

"మస్తున్నది. కాలుకు గూడ పోతదా?"

"పోతది," అన్నాను. ఎలుక కాలి గురించే చెప్పానని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వేలితో జరిపితే వచ్చే రెండో ఫొటోలో కాలేయం మొత్తం అదే రంగులో వెలుగుతోంది. అది చూపించలేదు. నా గొప్ప కాస్త తగ్గుతుందని, అంతే.

దగ్గరే అయినా మళ్లీ వెళ్లడానికి నాలుగు నెలలు పట్టింది. అన్న కుడికాలి వేళ్లు రెండు నల్లబడి ఉన్నాయి. ఆపరేషన్ ఎందుకు చేయించుకోలేదని అరిచాను.

"నీ మందొస్తదిగద. కోత లేకుంట అయితదని జర ఆగిన," అన్నాడు.

అది మనుషుల దాకా ఎన్నేళ్లకు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదని అప్పుడు చెప్పాను. అన్న తలూపి, చెప్పులు ఎక్కడున్నాయని వదినను అడిగాడు.

హైదరాబాద్‌లో డాక్టరు కాలు చూసి, బైపాస్ చేసినా ఆ రెండు వేళ్లు దక్కవన్నాడు. ఇన్నాళ్లు ఎందుకు ఆగావని గట్టిగానే అడిగాడు.

"పని మస్తుండె సార్. మషీన్లు ఇడిశిపెట్టి రాలేకపోయిన," అన్నాడు అన్న. నా వైపు చూడలేదు. మళ్లీ తనే, "మా చెల్లె సార్. గీ రక్తనాళాలకే మందు తయారు చేస్తది," అన్నాడు.

డాక్టరు నా వైపు తిరిగాడు. "మరి మీరైనా చెప్పలేదా?"

"చెప్పలేదు సార్," అన్నాను.