అక్క కత్తిరించిన ముక్కలు

నగరిలో మరమగ్గాల వీధికి కాస్త వెనకగా, ముందు గదినే అంగడి చేసుకుని అక్కాచెల్లెళ్ళిద్దరు చాలా ఏళ్ళు రవికలు కుట్టారు. పెద్దామె వరదమ్మ, చిన్నామె చౌడేశ్వరమ్మ. వాళ్ళ నాయన నేతపని చేసేవాడు. ఆయన పోయాక మగ్గం అమ్మేసి ఆ చోట కుట్టుమిషను వేసుకున్నారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. వరదమ్మకు చేతుల మీద బొల్లి ఉండేది. వచ్చిన సంబంధాలు అది చూసి తిరిగిపోయేవి. చౌడేశ్వరమ్మకు మాత్రం ఒకసారి పుత్తూరు నుంచి మంచి సంబంధమే వచ్చింది. అక్కకు కాకుండా తనకెందుకని వద్దంది. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ వాళ్ళిద్దరి మధ్యా రాలేదు.

పనిని కూడా పంచుకున్నారు. కత్తిరింపు వరదమ్మది, కుట్టు చౌడేశ్వరమ్మది. వరదమ్మ టేపు వేసి, మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి, సుద్దముక్కతో గీసేది. ఆ తర్వాత కత్తెర ఆగేది కాదు.

“నువ్వూ కటింగు నేర్చుకోవే. నాకు బాగలేకపోతే ఎట్ల?” అని అప్పుడప్పుడు అనేది.

“నువ్వుండావు కదక్కా” అనేసి చెల్లెలు మిషను తొక్కుతూ ఉండేది.

మొన్నటి వానాకాలానికి ముందు వానాకాలంలో వరదమ్మకు జ్వరం తగిలింది. మొదట ఊళ్ళోనే చూపించారు. తగ్గకపోతే తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ వారం రోజులు చెల్లెలు వరండాలో చాప వేసుకుని పడుకుంది. చివరికి అక్కను అంబులెన్సులో ఇంటికి తెచ్చుకుంది. చుట్టాలు వచ్చారు, కర్మలు అయ్యాయి, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

అంగడి తెరిచిన రోజున మొదట వచ్చింది ఆ వీధి చివర ఉండే రెబెకా. అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఎన్నో ఏళ్ళుగా వీళ్ళ దగ్గరే కుట్టించుకునే మనిషి. నీలం గుడ్డా, కొలతకు పాత రవికా ఇచ్చి వెళ్ళింది.

చౌడేశ్వరమ్మ ఆ గుడ్డను బల్ల మీద పరిచింది. పాత రవిక పైన పెట్టి చుట్టూ సుద్దతో గీసింది. కత్తెర చేతిలోకి తీసుకుని కూర్చుంది. చంక దగ్గర ఎంత వంపు తీయాలో, మెడ ఎంత లోతు పోవాలో ఎన్నో వేల రవికలు కుట్టిన తనకు తెలియాలి కదా అనుకుంది. కానీ ఎప్పుడూ కత్తిరించిన ముక్కలు చేతికి వచ్చినాకే తన పని మొదలయ్యేది. సాయంత్రం దాకా చూసి గుడ్డను దులిపి మడత పెట్టింది.

“నాతో కాలేదు రెబెకా, ఏమనుకోవద్దు” అని ఇచ్చేసింది.

“పోనీలేక్కా. ఒకటి పాడైతే ఏమైతుంది? కత్తెర పెట్టి సూడు.”

“పాడు సేసేకి నీ గుడ్డే దొరికిందా?” అని చౌడేశ్వరమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు.

నెల తిరిగేసరికి రవికలు ఇచ్చేవాళ్ళు లేకుండా పోయారు. ఫాల్సు కుట్టడం, పాత లంగాలు బిగించడం లాంటి చిన్న చిన్న పనులు మిగిలాయి. మిషను ఆగితే ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఉండరు కాబట్టి, పని లేకపోయినా ఒక్కోసారి ఉత్త మిషనే తొక్కేది.

ఒక మధ్యాహ్నం మంచం కింద చిమ్ముతుంటే గోనెసంచులు చీపురుకు అడ్డం వచ్చాయి. వరదమ్మ కత్తిరించగా మిగిలిన పీలికలవి. దిండ్లలోకి పనికొస్తాయని అక్క ఏనాడూ పారేయనివ్వలేదు. చౌడేశ్వరమ్మ ఒక సంచి విప్పి నేల మీద బోర్లించింది. ఎర్రంచు ఆకుపచ్చ, మిరపపండు రంగు, బఠానీ గింజంత పూలున్న పలచని వాయిలు గుడ్డ. ఒక్కో ముక్క చేతికి వస్తుంటే అది ఎవరి రవికదో, ఆమె ఏ పండగకు తొందర పెట్టిందో, చేతులు బిగువైనాయని ఎట్లా పోట్లాడిందో గుర్తుకొచ్చింది. కొంచెం వంకరగా ఉన్న ప్రతి ముక్క అంచునా అక్క కత్తెర నడిచిన దారి ఉంది.

పాత దుప్పటి ఒకటి తీసి పలకంత ముక్కలుగా చించింది. చించడానికి కత్తెర అక్కరలేదు. ఒక్కో ముక్క మీద పీలికలు పేర్చి చేతికుట్టు వేసింది. కొన్నింటి మీద పాత హుక్కులు, రంగు వెలిసిన లేసు, తెగిపోయిన గుండీలు కుట్టింది. నాయన దాచిపెట్టిన, జరీ డబ్బాల మీది బొమ్మ కాగితాలుంటే, వాటిని గంజితో అంటించి నాలుగు మూలలా దారం వేసింది. ఎందుకు చేస్తున్నదో తనకే తెలియదు. ఆ ముక్కలన్నీ పుటల్లాగా కలిపి వెన్ను దగ్గర బిగించి కుట్టేసరికి, అది చిన్న బొంతలాగా లావుగా, మెత్తగా ఒక పుస్తకమైంది.

మిద్దె మీద గదిలో భవిత అనే అమ్మాయి అద్దెకుండేది. శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని, కంపెనీ బస్సులో వెళ్ళి వచ్చేది. ఒక ఆదివారం నీళ్ళ కోసం కిందికి వచ్చి ఆ పుస్తకం చూసింది.

“అత్తా, దీన్ని స్క్రాప్‌బుక్ అంటారు. వింటేజ్ అని జనం ఎగబడి కొంటారు.”

“వింటేజ్ అంటే?”

“పాతకాలందని.”

“పాతదే కదా మరి” అంది చౌడేశ్వరమ్మ.

భవిత ఫోన్లో ఫోటోలు పెట్టింది. కొన్నాళ్ళకు బెంగళూరు నుంచి, చెన్నై నుంచి అడిగారు. వాళ్ళు కోరింది మాత్రం కొత్త గుడ్డతో పాతదిలా కనిపించే పుస్తకం. ఎట్లా చేయాలో భవిత ఫోన్లో చూసి చెప్పింది. టీ డికాక్షన్ కాచి, తెల్ల నూలుగుడ్డ ముంచి, ఎండబెట్టాలి. కాగితం అంచులు అగరొత్తితో కొద్దిగా కాల్చాలి. చౌడేశ్వరమ్మ అట్లాగే చేసింది. పెరట్లో తాడు మీద టీ రంగు గుడ్డలు ఆరుతుంటే పక్కింటివాళ్ళు వింతగా చూశారు. పని చక్కగా వచ్చింది, కొన్నవాళ్ళు మెచ్చుకున్నారని భవిత చెప్పింది. అయితే ఆ గుడ్డలు చేతిలో పట్టుకుంటే ఎవరూ గుర్తుకు రాలేదు.

“ఈటిని ఎవురూ కట్టుకోలేదు కదమ్మా, ఏం మాట్లాడతాయి?” అని ఒకరోజు అంది. భవిత ఫోన్ చూసుకుంటూ “ఊఁ” అంది.

ఆ చలికాలంలో ఏకాంబరకుప్పం నుంచి మునిరామయ్య అనే ఆయన వచ్చాడు. ఒకప్పుడు బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలకు మామిడికాయల లారీ తోలిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నాడు. భార్య కుప్పమ్మ పోయి చాలా కాలమైంది. కోడలు ఫోన్లో ఈ పుస్తకం బొమ్మ చూపించిందట.

“మా ఇంటామె మీకాడే కుట్టించుకునేది. ఆమెదేమన్నా ముక్క ఉండాదేమోనని వచ్చినాను” అన్నాడు.

చౌడేశ్వరమ్మకు కుప్పమ్మ బాగా గుర్తు. మొదట చేసిన పీలికల పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక్కో పుటను వేళ్ళతో తడుముతూ తిప్పాడు. కుప్పమ్మ ఎర్రంచు ఆకుపచ్చ రవిక ముక్క ఉన్న పుట వచ్చింది. ఆయన దాన్ని దాటిపోయాడు.

“అన్నా, ఆ ఆకుపచ్చది ఆయమ్మదే” అంది.

“కాదమ్మా” అని ఆయన ఇంకో రెండు పుటలు తిప్పి ఆగాడు. వంకాయ రంగు మీద తెల్ల చుక్కలు. “ఇదీ. దీన్ని ఏసుకొనే నాతోపాటు లారీలో తిరుత్తణికి వచ్చినాది. దారంతా కిటికీ కాడ కూర్సొని పాటలు పాడతానే ఉన్నింది.”

అది వరదమ్మ తనకోసం కత్తిరించుకున్న రవిక. రవికను పాడె మీద అక్కతో పాటే పంపేశారు. మిగిలింది ఈ ముక్కొక్కటే. చౌడేశ్వరమ్మ చెబుదామని నోరు తెరిచింది. ఆయన చూపుడువేలు ఆ చుక్కల మీద అట్లాగే ఉంది. అదే తానులోంచి కుప్పమ్మ కూడా కొనుక్కుందేమో, తనకు తెలియకుండా అక్కే కత్తిరించి ఇచ్చిందేమో అని ఒక్క క్షణం తనకు తాను చెప్పుకుంది. అట్లా జరగలేదని కూడా ఆమెకు తెలుసు.

“ఇస్తావామ్మా?” అని అడిగాడాయన.

సూది మొనతో ఒక్కో కుట్టూ విప్పింది. ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. మునిరామయ్య దాన్ని మడిచి చొక్కా జేబులో, బస్సు టికెట్టు పక్కన పెట్టుకున్నాడు. మంచినీళ్ళు తాగి, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే చౌడేశ్వరమ్మ ఇవ్వకుండా ఉండాల్సింది అనుకుంది. స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని బస్టాండుకు వెళ్ళింది. ఆయన ఇల్లు కనుక్కుని, అన్నా పొరపాటైంది, అది మా అక్కది అని చెబుదామని. సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఏకాంబరకుప్పం మీదుగా పోయే బస్సు ఒకటి వచ్చి వెళ్ళింది. తర్వాత ఇంకొకటి వచ్చింది. కండక్టరు “యాడికమ్మా, ఎక్కుతావా?” అని అడిగాడు. తల అడ్డంగా ఊపింది. ఎండెక్కాక కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చింది.

ఉగాది దాటాక భవిత పని దగ్గరికే మారిపోయింది. హాస్టల్లో ఉంటానని, వారం వారం వస్తానని చెప్పింది. మొదట రెండుసార్లు వచ్చింది. ఫోన్లో చూసేవాళ్ళు లేక వింటేజ్ పుస్తకాల పని తగ్గి, ఆగిపోయింది. డికాక్షన్ కాచిన గిన్నె లోపలి మరక ఎంత తోమినా పోలేదు.

రెబెకానే మళ్ళీ ఒక దారి చూపించింది. బజారులో మునిశేఖర్ అనే కటింగు మాస్టరు ఉన్నాడు, కుట్టేవాళ్ళు చాలక ఇబ్బంది పడుతున్నాడు.

“ఆయన కత్తిరించి పంపుతాడు, నువ్వు కుట్టి పంపు. మాట్లాడినాను” అంది.

ఇప్పుడు పొద్దున పూట ఒక మూట వస్తుంది, సాయంత్రం ఒక మూట పోతుంది. మాస్టరు చంక కొంచెం వదులుగా తీస్తాడు, మెడ గుండ్రం బాగుంటుంది. చౌడేశ్వరమ్మ అతన్ని ఒకటి రెండుసార్లే చూసింది. మూటలో కొలతలు రాసిన చీటీలుంటాయి కానీ వాటిని తొడుక్కునే మనుషులు ఎవరో తెలియదు. కుట్టు మాత్రం మునుపటిలాగే తిన్నగా వస్తుంది.

కరెంటు పోయినప్పుడు వీధిలో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. ఆమెది కాలితో తొక్కే మిషను, దానికి ఆటంకం లేదు. ఆ నిశ్శబ్దంలో కుడుతూ కుడుతూ పక్కకు తిరిగి, “దారం అయిపొయిందక్కా” అంటుంది ఒక్కోసారి. అని, లేచి అలమర దగ్గరికి వెళ్ళి తానే వెదుక్కుంటుంది.